చలికాలమున రుచిగల టమాటాలు

పుష్యమాసపు చలిలో ఎనిమిది దినములు జ్వరపడి లేచిన మా అత్తగారు ఒకనాటి ఉదయమున మమ్ము పిలిచి, "అమ్మాయీ, నోరు చప్పబడి పోయినది. కాస్త టమాటా చారు కాచి, వేడి అన్నములో పోసి పెట్టుదువా?" అని యడిగిరి. జావ తప్ప మరేమియు ముట్టని మనిషి తమంతట తాము ఒక వస్తువు నడుగుటయే మాకు పండుగవలె తోచినది. వెంటనే సంచి పట్టుకొని నారాయణగూడ చౌరస్తాకు దాపుననున్న ఒక పెద్ద దుకాణమునకు పోయితిమి. అచ్చట చల్లనిగాలి వీచు అరలలో టమాటాలు ఒకే అచ్చున పోసినట్లు, ఒకే పరిమాణమున, ఒకే ఎఱుపున మెఱయుచుండెను. మచ్చ లేదు, మెత్తదనము లేదు. అరకిలో తెచ్చి, ఎప్పటివలెనే చారు కాచితిమి.

అత్తగారు రెండు ముద్దలు తిని చేయి యాపిరి. "చారు ఎఱ్ఱగానే యున్నది గాని పులుపేది, అమ్మాయీ? వేడినీళ్లలో మిరియపుపొడి కలిపినట్లున్నది" అని మెల్లగా కంచము ప్రక్కకు జరిపిరి. మిరియము తక్కువ కాలేదు, ఉప్పు తక్కువ కాలేదు, పోపు మాడలేదు. లోపము పండులోనే యున్నది. మిగిలిన రెండు పండ్లను కోసి చూచితిమి. లోపల గోడలు మందముగా తెల్లబారి, గింజల చుట్టునుండవలసిన రసము అంతంతమాత్రముగా నుండెను.

ఇట్టి అనుభవము మా పాఠక సోదరీమణులలో అనేకులకు కలిగియే యుండును. "చలికాలము గదా, పండ్లకు రుచి యెక్కడనుండి వచ్చును?" అని సమాధానపడువారును కలరు. ఆ సమాధానము సరియైనది కాదనియు, మన పట్టణమున మంచి టమాటా దొరకుటకు చలికాలమే తగినదనియు, రుచి పోవుటకు కారణములు వేఱుగ నున్నవనియు మేము కొంత విచారించి తెలిసికొంటిమి. ఆ విషయములనే ఇచ్చట వ్రాయుచున్నాము.

చలి దోషము కాదు

చలికాలపు టమాటాకు రుచి యుండదను మాట మంచుకురియు దేశములలో పుట్టినది. అమెరికాలో చలి నెలలలో అమ్ముడుపోవు టమాటాలు పెక్కు దక్షిణముననున్న ఫ్లారిడా రాష్ట్రమున పచ్చిగా నుండగనే కోయబడి, ఎథిలీను వాయువుచే ఎఱ్ఱబరుపబడి, దూరప్రయాణము చేసి వచ్చును. యూరపు ఖండపు చలిదేశములలో గాజు ఇండ్లలో పెంచుదురు. అచ్చటి గృహిణుల ఫిర్యాదు న్యాయమైనదే.

మన హైదరాబాదు సంగతి వేఱు. ఇచ్చట డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి వేడిమి సుమారు 15 డిగ్రీలు, పగటి వేడిమి సుమారు 28 డిగ్రీలుగా నుండును. టమాటా మొక్కకు ఇంతకన్న హితవైన కాలము లేదు. రాత్రులు మిక్కిలి వెచ్చనై, పగటి యెండ 32 డిగ్రీలు దాటినచో పూత రాలి కాపు తగ్గును. పండునకు ఎఱుపు నిచ్చు లైకోపీను అను పదార్థము 30 డిగ్రీలకు పైబడిన వేడిలో చక్కగా పుట్టదు. మే నెలలో మనము కొను పండ్లు ఎఱుపు రాక పసుపువన్నెతో నుండుటకు కారణమిదియే.

చలికాలమున చేవెళ్ల, శంకరపల్లి, వికారాబాదు, గజ్వేలు ప్రాంతముల తోటలనుండి పండ్లు బోయినపల్లి టోకు మార్కెట్టునకు వచ్చి, అచ్చటనుండి మన పేటలకు చేరును. ఉదయము కోసిన పండు మరునాటికి మన వంటయింట నుండవచ్చును. వేసవిలో స్థానికపు కాపు సన్నగిల్లినప్పుడు మదనపల్లినుండియు, కర్ణాటకమున కోలారు ప్రాంతమునుండియు రావలసినదే. అంత దూరము లారీలో నలగకుండ రావలెనన్న పండును గట్టిగా నుండగనే కోయవలెను. కాబట్టి రుచికిని దగ్గరి తోటకును గల సంబంధము మనకు చలికాలమునందే కుదురుచున్నది.

మనకు కావలసినది పులుపు

టమాటా మన పూర్వులెఱిగిన కాయ కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతప్రాంతము దీని పుట్టినిల్లు. మెక్సికో ప్రజలు దీనిని సాగుచేసిరి. వారి భాషలోని మాటయే మార్పుచెంది నేటి పేరైనది. 16వ శతాబ్దమున స్పెయినువారు దీనిని యూరపునకు కొనిపోయిరి. పిదప పోర్చుగీసువారి వలన మన దేశమునకు వచ్చినది. మన పెద్దలు దీనికి రామములగ యని పేరుపెట్టుకొనిరి. నేటికిని అనేక కుటుంబములలో తద్దినపు వంటలలో దీనిని చేర్చరు.

ఆలస్యముగా వచ్చినను ఇది మన వంటయింట చింతపండు ప్రక్కన చోటు సంపాదించుకొన్నది. పప్పులో, చారులో, పచ్చడిలో మనము దీనిని పులుపు కొఱకే వేయుదుము. ఈ నగరపు ముస్లిము కుటుంబముల ఇండ్లలో వండు టమాటే కా కట్ అను చిక్కని పులుసునకును ఆ పులుపే ప్రాణము. తెల్లవారు దీనిని పచ్చిగా ముక్కలు కోసి రొట్టెల నడుమ పెట్టుకొందురు; వారికి కండగల పండు, తీపిపండు మేలు. మనకు రసముగల పండు, పుల్లని పండు మేలు. ఈ భేదమును గుర్తింపక, చూపునకు అందమైన పండునే మంచి పండనుకొనుటవలన మన చారు చెడుచున్నది.

రుచి తగ్గుటకు మూడు కారణములు

మొదటిది జాతి. దూరప్రయాణమునకును, అరలో వారము దినములు నిలుచుటకును అనువగునట్లు నేటి సంకరజాతులను తయారుచేసిరి. వానికి తోలు మందము, కండ యెక్కువ, గింజల చుట్టు రసము తక్కువ. టమాటాలోని పులుపును, కమ్మదనమును ఎక్కువగా నుండునది ఆ జిగురురసమునందే. 2017లో ఫ్లారిడా విశ్వవిద్యాలయమునకు చెందిన హారీ క్లీ మొదలగు శాస్త్రజ్ఞులు దాదాపు 400 రకముల టమాటాలను పరిశీలించి, రుచికి దోహదముచేయు సువాసన పదార్థములలో 13 నేటి జాతులయందు పాతజాతులకన్న తగ్గిపోయినవని ప్రకటించిరి. దిగుబడి, పరిమాణము, గట్టిదనము చూచి విత్తనము నెన్నుకొన్నవారు రుచిని పరీక్షింపలేదు. అందుచే అది తెలియకుండగనే జారిపోయినది.

భుజముల సంగతియు నిట్టిదే. పాతరకపు కాయకు తొడిమ చుట్టు ముదురాకుపచ్చ పట్టీ యొకటి యుండును. కాయ అంతయు ఒకే రంగున పండుట కొఱకు ఆ పట్టీ లేని మొక్కలనే ఎన్నుకొనుచు వచ్చిరి. ఆ ఆకుపచ్చనే కాయకు చక్కెర కూర్చుటలో తోడ్పడుచుండెనని 2012లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. మనము మచ్చయని తీసివేసినది కాయకు అన్నము పెట్టు భాగమని దీని భావము.

రెండవది కోత. కాయ చెట్టుననే ముదిరి, అడుగున కొంచెము రంగు తిరిగిన పిదప కోసినచో ఇంటిలో చక్కగా పండి రుచినిచ్చును. ముదరకమునుపే కోసినచో ఎఱుపు మాత్రము వచ్చును, రుచి రాదు. ఎథిలీను అనునది పండు తనంతట పుట్టించుకొను వాయువే. దానితో పరిమితముగా మగ్గబెట్టుటకు మన దేశమున అనుమతి కలదు. కార్బైడుతో మగ్గబెట్టుట మాత్రము 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలచే నిషేధింపబడినది. ఏ వాయువైనను రంగు తేగలదు గాని, చెట్టు పెట్టని పులుపును, తీపిని పెట్టజాలదు.

మూడవది శీతలము. టమాటా ఉష్ణదేశపు కాయ. సుమారు 12 డిగ్రీలకు తగ్గిన చలిలో చాలదినము లుంచిన దానికి హాని కలుగును. 2016లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో పండ్లను 5 డిగ్రీల చలిలో 7 దినము లుంచి, పిదప ఒక దినము బయట నుంచి చూచిరి. తీపి, పులుపు మారలేదు గాని సువాసన తగ్గినది. ఒకనాటి వెచ్చదనమున అది తిరిగి రాలేదు. మా చారునకు పులుపు లేకపోవుట మొదటి రెండు కారణముల పని. కమ్మని వాసన కూడ లేకపోవుటకు చల్లని అర కొంత కారణమై యుండును.

గంప ముందు కూర్చున్న పెద్దమ్మ మాట

మరునాడు మేము దుకాణమునకు పోక చిక్కడపల్లి కూరగాయల బజారునకు పోయితిమి. ఒక పెద్దమ్మ రెండు గంపలు ముందుంచుకొని కూర్చుండెను. ఒక గంపలో నున్నగా గట్టి పండ్లు, రెండవ గంపలో బల్లపరుపుగా, గీతలుగీతలుగా, తొడిమవద్ద పచ్చదనము మిగిలిన మెత్తని పండ్లు. మా చేయి అలవాటుచొప్పున గట్టి పండ్లమీదికే పోయినది.

"చారుకా అమ్మా, గదుల పెట్టుకోనీకా?" అని ఆమె యడిగెను. చారునకే యంటిమి.

"అట్లయితే గివి తీస్కపో. మెత్తగున్నయని భయపడకు. గివి నాటువి. గట్టియి వారం దినాలుంటయి, గంతే. అందరు గట్టియే అడుగుతరు. నాటువి పొద్దుమీకి నా గంపల్నే మిగుల్తయి. అగ్గువకు ఇచ్చిపోత, లేకుంటె పారబోస్త."

ఆ మాటలు మమ్ము ఆలోచింపజేసినవి. మా అత్తగారి కంచము ప్రక్కకు జరుగుటకు కారణము విత్తన వ్యాపారియో, దుకాణదారుడో యని అంతవరకును నిందించుచుంటిమి. ఇన్ని యేండ్లుగా మెత్తని గంపను దాటి గట్టి గంపవైపు పోయిన చేయి మాదే గదా! అశోక్‌నగర్ గదులలో నుండి పోటీపరీక్షలకు చదువుకొను పిల్లలు ఆదివారము కొని వారమంతయు వండుకొందురు. వారికి గట్టి పండే యనుకూలము, తప్పుపట్టరాదు. కాని నాలుగడుగులలో బజారుండి, రెండు దినములకొకసారి కొనగల గృహిణులము కూడ వారమునిలుచు పండునే కోరినచో, నాటు టమాటా వేయు రైతు ఇక దేనికి వేయును?

ఏరుకొను విధము

పెద్దమ్మ చెప్పినదియు, మేము చదివినదియు, తరువాత స్వయముగా పరీక్షించి చూచినదియు చేర్చి క్రింద వ్రాయుచున్నాము. దుకాణమునుండియే కొనక తప్పనివారికిని ఇవి పనికివచ్చును.

ఆకారము: పూసా రూబీ, పి.కె.ఎం.1 వంటి రకములును, నాటు రకములును బల్లపరుపుగా గుండ్రముగా నుండును. అట్టివానిలో సాధారణముగా గదులెక్కువ, రసమెక్కువ. కోడిగ్రుడ్డువలె కోలగా నున్నవి కండకు మంచివి. కూరలకు, ముక్కలకు పనికివచ్చును గాని చారునకు చాలవు.

పరిమాణము: పెద్దవానికన్న చిన్నవి, నడితరమువి మేలు. పండు పెరిగినకొలది తీపి పలుచనగును.

బరువు: ఒకే పరిమాణముగల రెండు పండ్లను రెండు చేతులతో పట్టి చూడవలెను. బరువుగా నున్నదానిలో రసము నిండియుండును. తేలికగా, మూలలుదేఱి యున్నది లోపల బోలు.

వాసన: తొడిమవద్ద వచ్చు పచ్చివాసన కాడది, ఆకుది, అది తాజాదనమును తెలుపును గాని రుచిని తెలుపదు. పండు అడుగుభాగమును మూచూడవలెను. అచ్చట కమ్మని వాసన సన్నగానైన తగిలినచో తీసికొనవచ్చును.

స్పర్శ: బొటనవ్రేలితో మెల్లగా నొక్కిన కొంచెము లొంగవలెను. తోలు పగిలినది, నీరు కారునది, బూజుపట్టినది ఎంత చవుకయైనను వలదు. చేతికి చల్లగా తగులు పండు శీతల అరలోనిది. అదే దుకాణమున బయట బుట్టలో నున్నవి యుండిన వానినే ఏరుకొనవలెను.

అనుమానమున్నచో మొదట నాలుగు పండ్లే కొని, ఇంట ఒకటి అడ్డముగా కోసి చూడవలెను. గదులు రసముతో నిండి, లోపలి గోడలు ఎఱ్ఱగా నున్నచో మరునాడు కిలో తెచ్చుకొనవచ్చును.

ఇంటికి తెచ్చిన పిదప

తెచ్చిన వెంటనే కడిగి రిఫ్రిజిరేటరులో పెట్టుట మనకందఱకును అలవాటు. ఈ కాలమున అది అనవసరము. పొడిగా నున్న వెదురుబుట్టలో, తొడిమ క్రిందికి వచ్చునట్లు, ఒకదానిపై నొకటి ఒరయకుండ పేర్చి, ఎండ తగులని చోట ఉంచవలెను. తొడిమ మచ్చనుండియే నీరు ఆవిరియగును. అది క్రిందికున్నచో పండు త్వరగా ముడుతపడదు. రంగు తక్కువైనవానిని ఒక పండిన అరటిపండుతో చేర్చి కాగితపుసంచిలో చుట్టిన రెండు మూడు దినములలో మగ్గును. పూర్తిగా మిగులపండి, ఆనాడు వండుటకు వీలులేనివానిని మాత్రమే రిఫ్రిజిరేటరులో పెట్టి, సాధ్యమైనంత త్వరలో వాడవలెను.

ఒకవేళ చప్పని పండే దొరికినదనుకొందము. దానిని పారవేయనక్కఱలేదు. ముక్కలను నూనెలో ఉప్పు వేసి నీరు ఇగురువఱకు మగ్గనిచ్చిన ఉన్న రుచి చిక్కబడును. ఉసిరికాయంత చింతపండు, చిటికెడు బెల్లము చేర్చిన పులుపు, తీపి సమకూరును. నూనెతో వండుటవలన లైకోపీను దేహమునకు బాగుగా పట్టును గనుక ఆరోగ్యమునకును మంచిది.

చారు

నలుగురికి చాలునట్లు మేము కాచిన చారు ఇది. బాగుగ పండిన నాటు టమాటాలు నాలుగు లేక ఐదు కడిగి, గిన్నెలో వేసి, ఉప్పు, చిటికెడు పసుపు చేర్చి చేతితో మెదుపవలెను. గింజలు, జిగురు తీసివేయరాదు. పులుపంతయు అందులోనే యున్నది. మూడు గ్లాసుల నీరు పోసి, పచ్చివాసన పోవువఱకు సన్నని సెగపై కాగనీయవలెను. అరచెంచా మిరియములు, చెంచా జీలకఱ్ఱ, నాలుగు వెల్లుల్లి రేకలు కచ్చాపచ్చాగా దంచి కలిపి, పొంగు రాగానే దింపవలెను. చెంచా నేతిలో ఆవాలు, ఎండుమిరపకాయ, ఇంగువ, కరివేపాకు పోపువేసి, కొత్తిమీర చల్లి మూతపెట్టవలెను. మిరియము వేసిన పిమ్మట చాలసేపు మరిగించిన చారు చేదుతిరుగును.

చవుకైన దినములలో

2023 జూలై మాసమున టమాటా ధర దేశమంతట మండిపోయి, కొన్ని పట్టణములలో కిలో 200 రూపాయలు దాటినది. ఆ సంగతి మనము మఱచియుండము. కాని కాపు విరివిగా వచ్చిన దినములలో కిలో ఒకటి రెండు రూపాయలకు పడిపోయి, కోత కూలియు గిట్టక కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతపు రైతులు పండ్లను రోడ్డుపై పారబోసిన దృశ్యములు కూడ పలుమారులు కనబడినవి. ధర పెరిగిన నాడు మన కన్ను చెమర్చినట్లు, పడిపోయిన నాడు వారి కన్ను చెమర్చును.

ఇందుకు మన చేతనైనది ఒకటి కలదు. సంక్రాంతి వెళ్లి ఎండ ముదురుచుండగా, ధర తక్కువగా నున్నప్పుడు నాటు టమాటాలు రెండు మూడు కిలోలు కొని నిలువపచ్చడి పెట్టుకొనుట. కడిగి, తడిలేకుండ తుడిచి, ముక్కలు కోసి, కిలోకు సుమారు 100 గ్రాముల ఉప్పు, కొంచెము పసుపు కలిపి జాడీలో మూడు దినము లుంచవలెను. నాలుగవనాడు ముక్కలను పిండి, ముక్కలు వేఱుగ, రసము వేఱుగ ఎండబెట్టవలెను. ఆ రసములోనే 100 గ్రాముల చింతపండు నానవేసి, ముక్కలు ఎండిన పిమ్మట కారము, మెంతిపొడి, వెల్లుల్లి చేర్చి రుబ్బి, నూనెతో పోపువేసి జాడీకెత్తవలెను. వర్షకాలమున ధర మండునాడు ఈ జాడీ ఇల్లాలికి కొండంత అండ.

ఆనాడు మేము పెద్దమ్మవద్ద మెత్తని గంపనుండి కిలో కొని, ఆ పూటయే చారు కాచితిమి. అత్తగారు మొదటి ముద్ద తిని ఏమియు ననలేదు. రెండవమారు అన్నము వడ్డింపుమని కంచము ముందుకు జరిపిరి. అంతకుమించిన మెప్పు మాకు అక్కఱలేకపోయినది. నాటినుండి రెండు దినములకొకమారు చిక్కడపల్లి బజారునకు పోవుచున్నాము. గంప సాయంత్రమునకు ఖాళీయగుచున్నదా యని యడుగగా, "మీ ఇంటి పక్కోళ్లు గూడ ఇద్దరొస్తున్రమ్మా" అని పెద్దమ్మ నవ్వినది. మా సోదరీమణులును ఈసారి బజారునకు పోయినప్పుడు, గట్టి గంపను దాటి ఒక్క అరకిలో మెత్తని గంపనుండి కొని చూడవలెనని మా కోరిక.